స్ప్రే కొడితే నొప్పి తెలియదా?

"డాక్టరుగారూ, కొయ్యడం తప్పదంటే కొయ్యండి. కాని ముందు ఆ మొద్దుబారే స్ప్రే ఏదో వుందట, అది కొట్టండి."

ఈ మాట ఇప్పుడు చిన్న చిన్న ఊళ్ళలో కూడా వినిపిస్తోంది. చంకలో సెగ్గడ్డ లేచినవారు, గోరుచుట్టుతో రాత్రంతా చెయ్యి పైకెత్తి పట్టుకు కూర్చున్నవారు, పిల్లకి చెవులు కుట్టించాలనుకునే తల్లులు, గొంతులోంచి గొట్టం వేసి కడుపు చూస్తారని విని ముందురోజు నుంచే అన్నం సహించని పెద్దవాళ్ళు – అందరికీ ఆ డబ్బా మీద ఒక ఆశ. టీవీలో ఆటలు చూస్తారు కదా! దెబ్బ తగిలి కిందపడి దొర్లుతున్న ఆటగాడి దగ్గరికి ఒకతను సంచీ పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. బుస్సుమని ఏదో కొడతాడు. ఆటగాడు లేచి నాలుగడుగులు కుంటి, మళ్ళీ ఆటలో పడతాడు. అంత సులువుగా నొప్పి పోతుంటే మనకి మాత్రం సూది ఎందుకు అనిపించడం సహజమే.

ఆ ఆశలో కొంత నిజం వుంది. నొప్పి తెలియకుండా చెయ్యమని డాక్టరుని అడగడం తప్పూ కాదు, పిరికితనమూ కాదు. నొప్పికి భయపడి చీముగడ్డని పది రోజులు మోసేవారికంటే "నాకు భయం, ఏదైనా చేసి కొయ్యండి" అని మొదటిరోజే వచ్చేవారే తెలివైనవారు. అయితే ఆ స్ప్రే ఎంత లోతుకి పోతుంది, ఎంతసేపు వుంటుంది అన్న రెండు సంగతులు తెలియకపోతే ఆశపడ్డవారికి ఆశాభంగం, అంతకన్నా ఎక్కువగా కొందరికి అపాయం కూడా కలుగుతుంది.

డబ్బాలన్నీ ఒకటి కావు

ముందుగా ఒక తికమక తీర్చాలి. మెడికల్ షాపులో "స్ప్రే ఇవ్వండి" అంటే చేతికొచ్చేది సాధారణంగా కీళ్ళ నొప్పులకీ, బెణుకులకీ కొట్టుకునే డబ్బా. అందులో వుండేవి ఘాటైన పుదీనా పువ్వులాంటి పదార్థాలు, వింటర్ గ్రీన్ నూనెలో వుండే మందు, వాపు తగ్గించే మందు. చర్మం చల్లగానో, వెచ్చగానో అనిపించి నొప్పి మీదనుంచి ధ్యాస మళ్ళుతుంది. అంతే. అది చర్మాన్ని కోతకి మొద్దుబార్చదు. పుండు మీద కొడితే ప్రాణం లేచి వస్తుంది. దాన్ని ఇంట్లో కొట్టుకుని వచ్చి "స్ప్రే చేసే వచ్చామండీ, ఇక కానివ్వండి" అనేవారున్నారు.

డాక్టర్లు వాడే మొద్దుబార్చే స్ప్రేలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చలితో పనిచేస్తుంది. రెండోది మందుతో పనిచేస్తుంది. ఈ రెంటికీ పేరు ఒకటే కాని, గుణం వేరు, చోటు వేరు, ప్రమాదాలు వేరు.

చలి స్ప్రే

కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. చెమ్మ ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. ఇంజెక్షనుకి ముందు స్పిరిట్ రాసినచోట చల్లగా అనిపించేదీ అందుకే. ఈథైల్ క్లోరైడ్ అనే ద్రవం ఇదే పని చాలా జోరుగా చేస్తుంది. అది దాదాపు 12 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మరిగిపోతుంది. విజయవాడలో చలికాలం తెల్లవారుజామున కూడా గదిలో అంతకంటే వేడే వుంటుంది. కాబట్టి సీసాలోంచి బయటపడి ఒంటికి తగిలీ తగలగానే ఆవిరైపోయి, ఆ కాస్త చోటునీ గడ్డకట్టేంతగా చల్లబరుస్తుంది. చల్లబడిన నరం కబురు మోయదు.

చలికి నొప్పి తెలియదన్న సంగతి వైద్యులకి కొత్తది కాదు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన లారే, 1807లో ఐలౌ యుద్ధంలో మంచులో పడివున్న సైనికుల కాళ్ళు తీసేసినప్పుడు వారికి నొప్పి అంతగా తెలియకపోవడం గమనించాడు. 1866లో ఇంగ్లండులో రిచర్డ్‌సన్ అనే డాక్టరు ఈథర్‌ని తుంపరగా కొట్టి చర్మాన్ని చల్లబరచి చిన్న చిన్న కోతలు కోసే పద్ధతి కనిపెట్టాడు. ఈనాటి చలి స్ప్రేకి అదే తాత.

డాక్టరు దీన్ని ఎలా వాడతారో చూడండి. చర్మానికి జానెడు దూరాన పట్టుకుని మూడు నుంచి పది సెకన్లలోపు కొడతారు. ఆ చోటు తెల్లబారగానే ఆపేస్తారు. వెంటనే సూది గుచ్చడమో, గంటు పెట్టడమో చేసెయ్యాలి. ఎందుకంటే ఆ మొద్దు ఒక నిమిషం మించి వుండదు! మీరు "కాస్త ఆగండి డాక్టరుగారూ, ఊపిరి పీల్చుకుంటాను" అన్నారంటే స్ప్రే అంతా వృథా. అందుచేత కొట్టకముందే ఊపిరి పీల్చుకోండి, ముఖం అటు తిప్పుకోండి, ఆ తరువాత సరే అనండి.

రక్తం తీయించుకోవడం, సెలైన్ సూది పెట్టించుకోవడం, చర్మం పైపైనే వున్న చిన్న చీముపొక్కు చిదపడం, చెవి తమ్మె కుట్టడం – ఇలాంటి రెప్పపాటు పనులకి ఇది మంచి సాధనం. పుళ్ళ మీద, నోట్లో, కంటి దగ్గర కొట్టకూడదు. కాళ్ళకి రక్తప్రసారం సరిగాలేనివారికి ఆ చోట వాడకూడదు. తెల్లబారిన తరువాత కూడా కొడుతూనే వుంటే చర్మం మంచుకి కాలినట్లు కాలి బొబ్బలెక్కుతుంది. తరువాత అక్కడ మచ్చ నల్లగానో తెల్లగానో నిలిచిపోవచ్చు.

మరొక సంగతి. ఈథైల్ క్లోరైడ్ భగ్గుమని అంటుకునే పదార్థం. దీపం, అగరువత్తి, స్టవ్వు దగ్గర దాన్ని తీయకూడదు. కరెంటుతో మాడ్చే పులిపిరి ఆపరేషనుకి ముందు ఇది పనికిరాదు. దాని ఆవిరి పీలిస్తే మత్తు వస్తుంది. వెనక దాన్ని మత్తుకే వాడిన రోజులున్నాయి. ఆ ఆవిరి గుండె లయని చెడగొట్టి ప్రాణం తీయగలదు. కుర్రవాళ్ళు సరదాకి పీల్చే వస్తువు కాదది. పసిపిల్లల ముఖం దగ్గర కొట్టవలసి వస్తే ముక్కూ నోరూ కప్పాలి.

ఇక ఆటగాడి సంగతి. కండరానికి తగిలిన దెబ్బకి చలి వల్ల కాసేపు ఉపశమనం కలుగుతుంది. విరిగిన ఎముక మాత్రం అతుక్కోదు. కబడ్డీలో మడమ మడతపడ్డ కుర్రాడికి స్ప్రే కొట్టి మళ్ళీ బరిలోకి తోలడం ఎంత తప్పో తల్లిదండ్రులు, డ్రిల్లు మాస్టర్లు తెలుసుకోవాలి. నొప్పి అక్కడ "ఆగు" అని చెబుతోంది. నోరు నొక్కేస్తే ఎలా?

మందు స్ప్రే

అక్కలకర్ర నమిలితే నాలుక చిమచిమలాడి మొద్దుబారుతుంది. లవంగం పంటికింద పెట్టుకుంటే పంటిపోటు తగ్గుతుంది. ఈ అనుభవం మన ఇళ్ళలో వున్నదే. పాశ్చాత్య వైద్యంలో ఈ కథ 1884లో వియన్నాలో మొదలైంది. కార్ల్ కోలర్ అనే యువ డాక్టరు కొకెయిన్ చుక్కలు కంట్లో వేస్తే కన్ను మొద్దుబారి ఆపరేషను చెయ్యవచ్చని చూపించాడు. కొకెయిన్‌కి వ్యసనం అంటుకునే గుణం వుండడంతో దానికి బదులు వెతికారు. స్వీడనులో ఒక శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన పదార్థాన్ని అలవాటుకొద్దీ నాలుక మీద వేసుకుని చూస్తే నాలుక మొద్దుబారింది! ఆ దారినే పోయి 1943లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు లిగ్నోకెయిన్ తయారుచేశారు. లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. జైలోకెయిన్ అన్న పేరుతో మీరు విన్న మందు అదే. ఈనాటికీ పళ్ళ డాక్టరు ఇచ్చే సూదిలో, మూత్రపుగొట్టం వేసేముందు రాసే జెల్లీలో, గొంతులో కొట్టే స్ప్రేలో ఎక్కువగా వుండేది ఇదే.

ఇది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో గుర్తుపెట్టుకుంటే సగం విషయం తెలిసినట్లే. నోరు, గొంతు, ముక్కు లోపలి భాగం, స్త్రీల గర్భాశయ ముఖద్వారం – వీటిమీద వుండేది పలుచని తడి పొర. మందు దానిలోంచి ఇట్టే ఇంకి, ఒకటి నుంచి మూడు నాలుగు నిమిషాల్లో మొద్దుబారుస్తుంది. అది పది, పదిహేను నిమిషాలు వుంటుంది. కాని అరచేతి చర్మం, వీపు చర్మం వాననీటిని ఆపే గొడుగులాంటివి. మామూలు చర్మం మీద ఈ స్ప్రే ఎన్నిసార్లు కొట్టినా పెద్దగా లాభం లేదు. తెగిన గాయం మీద కొడితే అందులో వుండే ఆల్కహాలువల్ల ముందు భగ్గుమని మండుతుంది. కాబట్టి కుట్లు వేసేముందు డాక్టరు స్ప్రే వదిలి సూదే పట్టుకుంటే, అది మీమీద దయలేక కాదు.

చీముగడ్డకి ఎందుకు చాలదు?

ఎక్కువమంది ఆశపడేదీ, ఎక్కువమంది నిరాశపడేదీ ఇక్కడే. సెగ్గడ్డ పైకి నిమ్మకాయంత కనిపించినా లోపల అంతకు రెట్టింపు వుండవచ్చు. చలి స్ప్రే పైచర్మాన్ని ఒక్క నిమిషం మొద్దుబారుస్తుంది. గంటు పెట్టినప్పుడు నొప్పి తెలియకపోవచ్చు. ఆ తరువాత చీము పిండడం, లోపలి అరలు విడగొట్టడం, కడగడం, గుడ్డపీలిక పెట్టడం వుంటాయి. ఆ లోతుకి చలి చేరదు.

"పోనీ, సూదితో మత్తు ఇస్తే?" అంటారు. చీము పట్టినచోట ఒంట్లో ఆమ్లగుణం పెరుగుతుంది. ఆ ఆమ్లంలో లిగ్నోకెయిన్ సరిగా పనిచెయ్యదు. అందుకే "రెండు సూదులిచ్చినా నొప్పి తెలిసిందండీ" అని రోగులు చెప్పే మాటలో అబద్ధం లేదు. తెలివైన డాక్టరు గడ్డలో పొడవకుండా చుట్టూ వున్న మంచి చర్మంలో ఇస్తారు. వేలి గోరుచుట్టుకైతే వేలి మొదట్లో రెండువైపులా ఇచ్చి వేలు వేలంతా మొద్దుబారుస్తారు. ఆ సూది గుచ్చేచోట ముందుగా చలి స్ప్రే కొట్టమని మీరు అడగవచ్చు. సూది నొప్పిని స్ప్రే, కోత నొప్పిని సూది మందు చూసుకుంటాయి. గడ్డ పెద్దదైతే, చంకలోనో, పిరుదుల మధ్యనో, రొమ్ములోనో వుంటే కాసేపు పూర్తి మత్తు ఇచ్చి చెయ్యడమే మానవత్వం. అలా చెయ్యమని సలహా ఇస్తే డబ్బుకోసం చెబుతున్నారని అనుమానించకండి.

మత్తు సరిగా ఇస్తారా లేదా అన్న భయంతో గడ్డని ముదరబెట్టేవారిలో మధుమేహం వున్నవారు వుంటే పరిస్థితి మరీ కష్టం. చక్కెర వ్యాధిలో చీము లోలోపలే పాకుతుంది. జ్వరం వచ్చేసరికి కాలు తీయవలసిన దాకా పోవచ్చు. అలాంటివారు మరొక పొరపాటు కూడా చేస్తారు. అరికాలి ఆనెకాయమీద ఏదో స్ప్రే కొట్టుకుని బ్లేడుతో తామే చెక్కుకుంటారు. చక్కెర వ్యాధిలో పాదాలకి ముందే స్పర్శ తగ్గివుంటుంది. దానికి పైన మరింత మొద్దు చేరిస్తే బ్లేడు ఎక్కడిదాకా దిగిందో తెలియదు. మీ ఇంట్లో పెద్దవారికి ఈ అలవాటు వుంటే ఆ బ్లేడు ఇవాళే తీసి దాచండి.

గొంతులో కొట్టిన తరువాత కాఫీ

ఎండోస్కోపీ అంటే ఇప్పుడు తెలియనివారు తక్కువ. అన్నవాహికలోంచి సన్నని గొట్టం దించి కడుపులో పుండుందా అని చూస్తారు. గొట్టం కొండనాలుకకి తగలగానే డోకు రావడం సహజం. ఆ డోకు తగ్గించడానికి గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొడతారు. చేదుగా వుంటుంది. గొంతు లావెక్కినట్లూ, ఉమ్మి మింగలేకపోతున్నట్లూ అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే బెదిరిపోయి "ఊపిరాడటం లేదు" అని చెయ్యి ఊపుతారు. నిజానికి ఊపిరి ఆడుతూనే వుంటుంది. గాలి పోతున్న స్పర్శ తెలియదు, అంతే. ముక్కుతో మెల్లగా పీలుస్తూ వుండండి. కట్టుడు పళ్ళు వుంటే ముందే తీసి చేతిరుమాలులో కట్టి ఇంటివారికి ఇవ్వండి. ఊగే పన్ను వుంటే డాక్టరుకి చెప్పండి.

అసలు జాగ్రత్త పరీక్ష అయిన తరువాత కావాలి. ముందురోజు రాత్రినుంచి ఏమీ తినలేదు. కడుపు నకనకలాడుతోంది. బయటికి రాగానే కొడుకు ఆప్యాయంగా ఫ్లాస్కులోంచి వేడికాఫీ పోసి ఇస్తాడు. పక్కన ఇడ్లీ పొట్లం సిద్ధంగా వుంటుంది. ఇక్కడే ప్రమాదం!

మనం మింగే ప్రతి ముద్దకీ గొంతు ఒక పని చేస్తుంది. ఊపిరిగొట్టం మీద మూత వేసి, ముద్దని పక్కదారికి పంపిస్తుంది. పొరపాటున ఒక మెతుకు అటు పోతే పొలమారి, దగ్గి బయటికి నెట్టేస్తాం. మొద్దుబారిన గొంతుకి ఆ కాపలా లేదు. కాఫీ ఊపిరిగొట్టంలోకి జారినా దగ్గు రాకపోవచ్చు. ముసలివారిలో ఇది న్యుమోనియాకి దారి తీస్తుంది. పైగా కాఫీ ఎంత వేడిగా వుందో నాలుకకి తెలియదు; నోరు కాలిన సంగతి సాయంత్రం బయటపడుతుంది. కాబట్టి స్ప్రే కొట్టినప్పటినుంచి కనీసం ఒక గంట నోట్లో ఏమీ పోయకూడదు. ఎన్నింటికి కొట్టారో నర్సమ్మని అడిగి తెలుసుకోండి. గంట దాటాక నిటారుగా కూర్చోబెట్టి ఒక చెంచా చల్లని నీళ్ళు ఇవ్వండి. పొలమారకుండా మింగి, గొంతు మామూలుగా వుందంటే అప్పుడు ఇడ్లీ. స్ప్రేతోపాటు నిద్రమత్తు సూది కూడా ఇచ్చివుంటే ఆ రోజంతా స్కూటరు నడపకూడదు, కాగితాలమీద సంతకాలు పెట్టకూడదు.

పిల్లలకి పంటి దగ్గర మత్తు ఇచ్చినప్పుడూ ఇదే నియమం. మొద్దుబారిన పెదవిని పిల్లవాడు బబుల్ గమ్‌లా నములుతూ కూర్చుంటాడు. సాయంత్రానికి పెదవి వాచి, తల్లి "పన్ను పీకమంటే పెదవి కోశారు" అని పళ్ళ డాక్టరు మీదికి యుద్ధానికి వెళుతుంది. మొద్దు పోయేదాకా పిల్లవాడిని కనిపెట్టుకుని వుండాలి.

స్త్రీలు అడగని మాట

కాపర్-టి వేయించుకునేటప్పుడు, గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపేటప్పుడు మన ఆడవారు పళ్ళు బిగించి ఓర్చుకుంటారు. "అందరూ ఓర్చుకుంటున్నారు, నీకేనా నొప్పి?" అన్న మాట పడవలసి వస్తుందని నోరెత్తరు. 2024లో అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఇచ్చిన సలహాల్లో, ఇలాంటి సాధనం వేసేటప్పుడు లిగ్నోకెయిన్ – సూదిగా గాని, జెల్లీ, క్రీము, స్ప్రే రూపంలో గాని – నొప్పి తగ్గించడానికి ఉపయోగపడవచ్చని చేర్చారు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని కాదు. కాని "అమ్మా, నాకు నొప్పి భయంగా వుంది, స్ప్రేగాని జెల్లీగాని వాడతారా?" అని డాక్టరమ్మని అడిగే హక్కు మీకుంది. వాడినప్పుడు రెండు మూడు నిమిషాలు ఆగమని కూడా అడగండి. మందు పెట్టీ పెట్టగానే పని మొదలుపెడితే పెట్టినా పెట్టనట్లే. మగవారికి మూత్రపుగొట్టం వేసేటప్పుడు కూడా జెల్లీ ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆస్పత్రి హడావుడిలో ఆ నిమిషాలే ఎగిరిపోతుంటాయి.

చెవులు, టీకాలు, పసిపిల్లల పళ్ళు

చెవులు కుట్టించేందుకు చలి స్ప్రే కొట్టించవచ్చు. చెవి రంధ్రంలో దూది పెట్టి, కళ్ళకి తగలకుండా చెయ్యి అడ్డంపెట్టి తమ్మెకి మాత్రమే కొట్టాలి. ఇది డాక్టరు దగ్గర చేయించుకునే పని. కంసాలి దగ్గర కుట్టించేవారు పరిశుభ్రమైన గుడ్డలో ఐసుముక్క చుట్టి తమ్మెకి ఒకటి రెండు నిమిషాలు పెడితే కొంత వరకు అదే ఫలితం వుంటుంది. సూది శుభ్రత మాత్రం స్ప్రేకన్నా ముఖ్యం.

లేదా ఒక క్రీము వుంది. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపి చేసినది. ఇది మామూలు చర్మంలోకి కూడా ఇంకుతుంది. కాని ఒక గంట ముందు పూసి పైన ప్లాస్టరు కప్పి వుంచాలి. డాక్టరు గదిలోకి వెళ్ళాక గుర్తొస్తే లాభం లేదు. జి-6-పి-డి అనే పదార్థం లోపించిన పిల్లలకి, నెలల పసికందులకి డాక్టరు చెప్పకుండా ఇది పూయకూడదు.

టీకాలకి స్ప్రే అవసరమా? పాలు తాగే బిడ్డకి తల్లి ఒళ్ళో పాలు తాగుతుండగా సూది వేస్తే ఏడుపు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

పళ్ళు వచ్చే బిడ్డ చిగుళ్ళకి మొద్దుబారే మందు పూయడం మాత్రం వద్దు. బెంజోకెయిన్ అనే మందు కొందరిలో రక్తాన్ని పాడుచేస్తుంది. రక్తం ప్రాణవాయువుని మోయలేక ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. బిడ్డ పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. రెండేళ్ళలోపు పిల్లల చిగుళ్ళకి బెంజోకెయిన్ వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా చెప్పింది. చిక్కని లిగ్నోకెయిన్ ద్రవం కూడా వద్దని అంతకుముందు 2014లోనే హెచ్చరించింది. చల్లబరచిన శుభ్రమైన తడిగుడ్డ కొరకనిస్తే చాలు. ఈ నీలిరంగు సమస్య గొంతులో బెంజోకెయిన్ స్ప్రే కొట్టిన పెద్దవారిలో కూడా అరుదుగా వస్తుంది. మెథిలీన్ బ్లూ అనే విరుగుడు వుంది కాని, ఆస్పత్రిలోనే ఇవ్వాలి.

ఇంట్లో పెట్టుకోవచ్చా?

"పైపైన కొట్టే మందు, దానివల్ల ఏమవుతుంది?" అనుకుంటారు. పదిశాతం లిగ్నోకెయిన్ స్ప్రేలో ఒక్కసారి నొక్కితే వచ్చేది 10 మిల్లీగ్రాములు. పెద్దవారికైనా 20 సార్లు మించకూడదని లెక్క. పిల్లలకి కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 20 కిలోల పిల్లవాడికి ఆరుసార్లతో హద్దు వచ్చేస్తుంది. గొంతునొప్పి అని ఇంట్లో బుస్సు బుస్సుమని కొట్టుకుంటూ పోతే ఆ హద్దు ఎప్పుడు దాటిందో తెలియదు. నోటిచుట్టూ చిమచిమలు, నాలుకమీద ఇనుపరుచి, చెవుల్లో గింగురుమనడం, కళ్ళు తిరగడం, కండరాలు అదరడం – ఇవి మందు ఎక్కువైందనడానికి గుర్తులు. తరువాత మూర్ఛ, గుండె దెబ్బతినడం. ఇలాంటిది కనిపిస్తే మందు సీసాతో సహా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

చర్మం మీది క్రీములూ అంత అమాయకమైనవి కావు. వెంట్రుకలు తీయించుకోవడానికి లేజరుకి వెళుతూ కాళ్ళనిండా మొద్దుబార్చే క్రీము పూసుకుని పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్న ఇద్దరు యువతులు అమెరికాలో మూర్ఛలొచ్చి, స్పృహ తప్పి చనిపోయారు. 2007లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దీని గురించి ప్రజలని హెచ్చరించింది. మన పట్టణాల్లో కూడా బ్యూటీపార్లర్లలో లేజరు యంత్రాలు వెలిశాయి గనుక చెబుతున్నాను. ఎక్కువ చోటుకి, ఎక్కువసేపు, ప్లాస్టిక్ చుట్టి పూయవలసివస్తే అది డాక్టరు కళ్ళముందు జరగాలి.

స్ప్రేకి ముందు డాక్టరుకి మీరు చెప్పవలసినవి కొన్ని వున్నాయి. ఇదివరకు పళ్ళ దగ్గరో, కాన్పులోనో మత్తుమందు పడకపోవడం జరిగిందా, మూర్ఛలున్నాయా, గుండె లయకి, లివరుకి సంబంధించిన జబ్బుందా, ఏం మాత్రలు వాడుతున్నారు, గర్భవతా. సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోయే స్వభావం వుంటే అది కూడా చెప్పండి. ఏ స్ప్రే అయినా నొప్పిని ఆపుతుంది గాని, ఆ పడిపోవడాన్ని ఆపదు. దానికి మందు బల్లమీద వెల్లకిలా పడుకోవడమే. సిగ్గుపడి స్టూలు మీద కూర్చుని, పడి తల పగలగొట్టుకున్నవారికి గంటు కంటే కుట్లు ఎక్కువ పడతాయి.

ఇంట్లో వుండకూడని మొద్దుమందుల్లో మరొకటి కంటి చుక్కలు. వెల్డింగు పనివారికి, అద్దం లేకుండా ఆ వెలుగు చూసినవారికి రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లు మంట పుడుతుంది. కంటిలో నలుసు తీసేటప్పుడు డాక్టరు వేసే మత్తుచుక్కలు ఎలాగో సంపాదించి గంట గంటకీ వేసుకునేవారున్నారు. వేసిన క్షణంలో హాయి. కాని ఆ చుక్కలు పదేపదే వేస్తే నల్లగుడ్డు మీది పొర మానదు సరికదా, కరిగి పుండు పడుతుంది. కన్ను మొద్దుబారివుంటుంది గనుక దుమ్ము పడ్డా, నలిపినా తెలియదు. చూపే పోవచ్చు. అలాంటి మంటకి కళ్ళు నలపకుండా మూసుకుని చల్లని తడిగుడ్డ వేసుకుని చీకటిగదిలో పడుకోండి. నొప్పికి మామూలు మాత్ర వేసుకోవచ్చు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మర్నాటికీ మంట తగ్గకపోయినా, చూపు మసకగా వున్నా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇప్పటికే ఏవైనా చుక్కలు వేసుకుని వుంటే ఆ సీసా కూడా జేబులో వేసుకుని వెళ్ళండి.